చిన్నత్తని అప్పగించిన ఆదివారం

మొన్నొక ఆదివారం మా విజయనగరం గుడిలో కానుకల సంచికి బదులు నలుపూ తెలుపూ గళ్లున్న అట్టముక్క ఒకటి వరసల మధ్య తిప్పారు. దాన్ని ఫోనుకి చూపిస్తే కానుక చేరిపోతుందట. ఎవరికి చేరుతుంది, దేవుడికేనా, మధ్యలో ఇంకెవరైనా ఉన్నారా అని పక్కన కూర్చున్న కుర్రాణ్ని అడిగాను. వాడు నవ్వి, "ఆంటీ, మీకన్నీ అనుమానాలే" అన్నాడు. వాడి తప్పేం లేదు, మా ఇంట్లో అనుమానం ఆస్తిలా వస్తుంది, నాకు మా మామ్మ దగ్గర్నుంచి వచ్చింది. ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం కార్యదర్శి లేచి, ఇకమీదట ఎవరూ గుప్పెడు బియ్యం తేనక్కర్లేదని చెప్పింది. అందరిళ్ల బియ్యమూ కలిసిపోతే కొనేవాళ్లు లేరట, పురుగు పడుతోందట. అందరూ తలూపారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి అన్నానికి బియ్యం కొలుస్తుంటే అలవాటు చొప్పున చెయ్యి డబ్బాలోకి వెళ్లి గుప్పెడు తీసేసింది. తీసినవి ఎక్కడ పొయ్యాలో తెలియక, వంటింట్లో అలాగే చాలాసేపు నిలబడిపోయాను.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. మా క్రైస్తవ సంఘాల్లో ఆడవాళ్లు పొయ్యి మీదకి ఎసరు పెట్టినప్పుడల్లా, ఇంటిల్లిపాదికీ కొలిచిన బియ్యంలోంచి ఒక గుప్పెడు వెనక్కి తీసి వేరే ముంతలో పోస్తారు. అది దేవుని ముంత. కొలిచాక తియ్యాలి తప్ప, ముందే తీసి పక్కన పెట్టుకోకూడదు. అంటే ఆ పూట ఎవరో ఒకరి కడుపులో ఆ గుప్పెడు తగ్గాలన్నమాట. బియ్యం లేనివాళ్లు చోళ్లు, అంటే రాగులు పోసేవారు, అవీ లేని రోజుల్లో గంటెలు, అంటే సజ్జలు. ఆదివారం ఆ ముంతని గుడ్డలో మూటకట్టి గుడికి తెచ్చి, ముందు పెట్టిన గంపలో గుమ్మరించేవారు. ఆరాధన తర్వాత గుడి వాకిట్లో ఆ గంపని వేలం పాడేవారు. దంపుడు బియ్యం, ఉప్పుడు బియ్యం, నూకలు, ఎర్రవి, తెల్లవి అన్నీ కలిసిపోయేవి. ఆ బియ్యంతో అన్నం వండితే ఒక గింజ మెత్తగా, ఒక గింజ పలుకుగా ఉండేది. అయినా మా పేటలో ఎవరో ఒకరు పాడుకునేవారు. అలా వచ్చినదంతా దేవుని పనికి వెళ్తుందని అనేవారు. ఏ పని, ఎక్కడ అని అడిగేది మా మామ్మ ఒక్కత్తే.

మా ఊరు బొబ్బిలికి దగ్గర. ఊరికి దూరంగా, పొలాల అంచున మా పేట. మామ్మ అసలు పేరు సన్నేసమ్మ. బాప్తిస్మం ఇచ్చిన రోజున మార్తమ్మ అని మార్చారు గానీ, కొత్త పేరు పెట్టి పిలిస్తే వెనక్కి తిరిగి కూడా చూసేది కాదు. పొద్దున్నే లేచి వాకిట్లో పేడనీళ్లు చల్లి, రాత్రి మిగిలిన చోడి అంబలిలో ఉల్లిపాయ కొరుక్కుని తాగి, కల్లంలోకి దంపుడుకి వెళ్లేది. ఆవిడ ఒంటిమీద ఎప్పుడూ తవుడు వాసన, పొగాకు వాసన. ఏది ఇంట్లోకి వచ్చినా ముందు వాసన చూసేది. కిరసనాయిలులో నీళ్లు కలిపారేమో అని చూసేది, ఉప్పుచేప పాతదేమో అని చూసేది, నా తలకి రాసిన నూనె ఎవరిచ్చారని అడిగేది. దవాఖానాలో పిల్లలకి పాలపొడి పంచిన కొత్తలో, అది తాగితే మనిషి రంగు మారిపోతుందేమోనని మొదట పిల్లికి పోసింది. పిల్లి నల్లగానే ఉండిపోయాక మాకు పోసింది. గుడిలో మొదటి వరసలో, సరిగ్గా గంప పక్కనే కూర్చునేది. ఎవరి మూట పల్చగా ఉంది, ఎవరు తమ చేత్తో తియ్యకుండా చంటిపిల్ల చేత్తో గుప్పెడు తీయించారు, అంతా ఆవిడకి తెలుసు. ఆరాధన మధ్యలోనే, "ఆ మూట ఎవులిది? పిచిక తినడానికి తెచ్చినారేటి?" అని వినబడేలా అనేది.

ఆ అనుమానం ఊరికే పుట్టింది కాదు. మా తాత పెళ్లైన కొన్నాళ్లకి రంగం వెళ్లాడు. మా వైపు వాళ్లకి రంగూన్ రంగమే. ఓడెక్కి వెళ్లి, ధాన్యం మిల్లులో పనిచేసి, తిరిగొచ్చి ఎకరం కొంటానన్నాడు. మా నాన్న నడక నేర్చాక ఒకసారి వచ్చి, చిన్నత్తని మామ్మ కడుపులో పెట్టి మళ్లీ వెళ్లాడు. ఇక రాలేదు. బర్మా నుంచి మనవాళ్లని పంపేసినప్పుడు, బొబ్బిలిలో దిగిన ప్రతి కుటుంబం దగ్గరికీ మామ్మ వెళ్లి, "మా ఆయన్ని సూసినారా? ఎడం సెవి కొంచెం సిరిగుంటాది" అని అడిగింది. ఒకాయన చూశానన్నాడు. ఇంకొకాయన అలాంటివాడు లేడన్నాడు. మామ్మ ఇద్దర్నీ నమ్మలేదు. తాత పోయాడని బొట్టూ తియ్యలేదు, ఉన్నాడని ఎదురూ చూడలేదు. సముద్రం పేరెత్తితే మాత్రం లేచి వెళ్లిపోయేది.

ఇక దొరసానమ్మ. మా మిషన్ దవాఖానాకి పెద్ద నర్సు. కెనడా నుంచి వయసులో ఉండగా వచ్చి, మా కళ్లముందే జుట్టు నెరిసిపోయింది. మా వాళ్ల దగ్గరే తెలుగు నేర్చుకోవడం వల్ల అచ్చం మా పేట తెలుగే మాట్లాడేది. కాకినాడ వైపు నుంచి వచ్చిన మా గుడి పాస్టరు అయ్యగారు పుస్తకంలోలా మాట్లాడుతుంటే, పక్కన ఆ తెల్లావిడ "ఏటమ్మా సన్నేసమ్మా, కాల్నొప్పి తగ్గినాదా నేదా?" అనడం చూసి కొత్తవాళ్లు నోరు తెరిచేవారు. మామ్మ కాలు చూపించేది, మందు పుచ్చుకునేది, నమ్మడం మాత్రం నమ్మేది కాదు. "మంచి ఊరు, మంచి తిండి, మంచు కూడా ఉన్నాదంట. అయన్నీ ఒగ్గేసి ఈ ఎండలోకి ఎవులొస్తారే? ఏదో ఉన్నాది" అనేది. ఆ మాట అనేది మామ్మ ఒక్కత్తే కాదు. ఆ రోజుల్లో కొండల మీద నక్సలైట్ల గొడవలు మొదలయ్యాయి. బొబ్బిలి సంతలో దొరసానమ్మ జీపు కనబడితే గుసగుసలు మొదలయ్యేవి. ఆవిడ గదిలో రేడియో ఉందట, అది రేడియో కాదట, కబుర్లు బయటికి పంపే మిషనట. పోలీసులు ఒకసారి వచ్చి ఆ రేడియోని విప్పి చూసి, మళ్లీ బిగించడం రాక అలాగే వదిలేసి వెళ్లారు. ఆ తర్వాత ఆవిడ ఆ పలకని రేడియో మీద మందుసీసాలు పెట్టుకునేది.

మా చిన్నత్త కరుణ ఆ దవాఖానాలోనే నర్సు. సెలవు దొరికినప్పుడు ఇంటికొచ్చేది. వస్తూ వస్తూ కూడా ఫినాయిలు వాసన మోసుకొచ్చేది. మా ఇంట్లో చాప మీద నా పక్కనే పడుకునేది కాబట్టి ఆవిడలో ఏ మార్పొచ్చినా ముందు నాకే తెలిసేది. నాకు బాగా గుర్తు, ఆ ఏడు వరి కోతలప్పటి నుంచి ఆవిడ తీరు మారింది. అన్నం ముందు కూర్చుని ఎటో చూసేది. పలకరిస్తే ఉలిక్కిపడేది. మామ్మ కనిపెట్టేసింది. "మగోడెవుడో ఉన్నాడు" అని మా అమ్మతో అంది. దవాఖానా కాంపౌండరు మీద అనుమానం. పాపం ఆ కాంపౌండరుకి నలుగురు పిల్లలు, నత్తి. అయినా మామ్మ ఆదివారం గుడిలో అతన్ని చూసిన చూపుకి, అతను వారం రోజులు మా వీధి మొహం చూడలేదు. మామ్మ చిన్నత్త రేకుపెట్టె తీసి చీరలన్నీ ఒకటొకటిగా వాసన చూసింది. ఏమీ దొరకలేదు. దొరక్కపోవడంతో అనుమానం ఇంకా పెరిగింది.

తర్వాత మొదలైంది అసలు గొడవ. చిన్నత్త రోలు దగ్గర రోకలి పోటు వేస్తూ ఏదో గొణుగుతుండేది. తెలుగు కాదు, ఇంగ్లీషు కాదు. ఒడ్రం, అంటే ఒరియా కూడా కాదు, అది మాకు చెవిలో పడే భాషే. ఒక్కో పోటుకి ఒక్కో మాట. నేను విని మామ్మకి చెప్పాను, మామ్మ తడిక వెనక నిలబడి తనే వింది. మర్నాడే అయ్యగారిని పిలిపించి, పిల్లకి దెయ్యం పట్టింది, ప్రార్థన చెయ్యమంది. అయ్యగారు చిన్నత్త తలమీద చెయ్యి పెట్టబోయి, ఆగి, ఆవిడ మొహంలోకి చూశారు. చిన్నత్త తల దించుకుంది.

"సన్నేసమ్మా, ఇది దెయ్యం కాదమ్మా. ఆఫ్రికా భాష" అన్నారాయన. "కరుణ నేర్చుకుంటోంది. నీకు చెప్పే ధైర్యం మాకెవరికీ లేకపోయింది."

అప్పుడు బయటపడింది. ఆఫ్రికాలో టాంజానియా అనే చోట అడవుల పక్కన ఒక కాన్పుల దవాఖానా ఉంది. దొరలు చాలామంది వెళ్లిపోయారు, నర్సులు లేరు. దొరసానమ్మకి ఆ సంగతి తెలిసి గుడిలో ప్రార్థనకి చెప్పింది. చిన్నత్త విని, తర్వాత వెళ్లి నేను వెళ్తానంది. ఇంతవరకూ దేవుని పనికి దొరలు మన దగ్గరకొచ్చారు, మన పిల్లొకత్తె బయటికి వెళ్తానంటోంది అని మా చుట్టుపక్కల సంఘాల ఆడవాళ్లంతా సంబరపడి, గుప్పెడు బియ్యం మీద వచ్చేదంతా ఇకమీదట కరుణ కోసమే అని మామ్మకి తెలియకుండానే ఒప్పుకున్నారు. మా స్కూలు గోడమీద మ్యాపులో ఆ దేశానికి ఇంకా పాత పేరే ఉంది. మా నాన్న ఆ స్కూల్లో మేష్టారు. ఆయన వేలు పెట్టి చూపిస్తే, మామ్మ మ్యాపు వైపు చూడలేదు, మధ్యలో ఉన్న నీలం రంగు వైపు చూసింది.

ఆ సాయంత్రం పొయ్యి ముందు జరిగింది ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మామ్మ ఎసట్లో బియ్యం పొయ్యకుండా చేట ఒళ్లో పెట్టుకు కూర్చుంది. మా అమ్మ మూల నిలబడి ఉంది. నాన్న గుమ్మంలో.

"ఎంతిస్తానన్నారే?" అంది మామ్మ.

"ఏటీ ఇవ్వరమ్మా. తిండి పెడతారు, గుడ్డ ఇస్తారు."

"మరెందుకే? ఇక్కడ తిండి నేదేటి నీకు? గవర్నమెంటు దవాఖానాలో ఉజ్జోగం వస్తాదన్నారు గదే. నీడపట్టున కూకుంటే సాలదేటి?"

చిన్నత్త పొయ్యిలో పుల్ల ఎగదోసింది. "ఇక్కడ నాను నేకపోతే ఇంకో నర్సమ్మ వస్తాదమ్మా. అక్కడికి ఎవులూ రారు. అది తెలిసిన కాణ్నుంచి ఇక్కడ తిన్నది ఒంటపట్టట్లేదు."

"ఎవులు నూరిపోసినారు నీకిది? దొరసానేనా?"

"నువ్వే" అంది చిన్నత్త. "నువ్వే గదే అడిగినావు! రోజూ ఈ పొయ్యి కాడే. ముంతలో గుప్పెడు పోసినప్పుడల్లా ఏటంటావు? పెబువా, నీ పనికి మనుసుల్ని లేపు, సముద్రాలు దాటించి పంపు అంటావు. నాను పాలు తాగినప్పటి కాణ్నుంచి వింటన్నాను."

మామ్మ చేట కింద పెట్టింది. ఆవిడ మొహంలో అంత బెదురు నేనెప్పుడూ చూడలేదు.

"నానడిగింది దొరల పిల్లల్నే" అంది. "నా పిల్లని కాదు."

ఆ మాట తప్పని మాలో ఎవరికీ అనిపించలేదు, ఎందుకంటే మా పేటంతా అలాగే అనుకునేది. దేవుని పనికి మనుషులు ఎక్కడో దూరం నుంచి మన దగ్గరికి వస్తారు. మనం గుప్పెడు పోస్తాం, ప్రార్థన చేస్తాం, కాలు చూపిస్తాం. మన గుమ్మంలోంచి ఒకరు లేచి వెళ్లాలని ఆ ప్రార్థనలో ఉందని ఎవరికి తోస్తుంది? చిన్నత్త వచ్చి మామ్మ కాళ్ల దగ్గర కూర్చుంది. "నువ్వు అందరి ముందూ గుడిలో అప్పగిస్తేనే ఎల్తాను. నువ్వు వద్దంటే మానేస్తాను. ఇంక మాటాడను" అంది. మా సంఘంలో పద్ధతి కూడా అదే, పెళ్లికాని ఆడపిల్లని పని మీద పంపాలంటే కన్నవాళ్లు నిలబడి ఒప్పజెప్పాలి. మామ్మకి మాత్రం ఆ మాట మీదా అనుమానమే. "సూసినావా, నా మీదకి తోసీసింది" అని రాత్రి నాతో అంది.

మర్నాటి నుంచి మా ఇంట్లో దేవుని ముంతలో బియ్యం పడలేదు. మామ్మ ముంతని బోర్లించేసింది. అంతటితో ఊరుకోలేదు, దంపుడు కాడా, నూతి కాడా కనబడ్డ ప్రతి ఆడదానితోనూ, "మీ గుప్పెట్లతోటి నా పిల్లని తోలీస్తన్నారు, గేపకం ఉంచుకోండి" అంది. ఆదివారం గంప అడుగు కనబడింది. కొందరు భయపడి మానేశారు, కొందరు మూట తెచ్చి మామ్మని చూసి కొంగు కింద దాచుకున్నారు. అయ్యగారు వేలం పాడలేదు. చిన్నత్త ఆ ఆదివారం రాలేదు.

ఆ వారంలోనే మామ్మ నన్ను వెంటబెట్టుకుని దవాఖానా బంగళాకి బయల్దేరింది. ఆవిడ ఒక్కత్తీ వెళ్తే దొరసానమ్మ ఇంగ్లీషులో ఏదైనా తిడితే తెలియదని, నేను ఎనిమిదో తరగతి ఇంగ్లీషుతో సాక్షినన్నమాట. దొరసానమ్మ వెనక వరండాలో కూర్చుని పాత గుడ్డలు కట్లకి చింపుతోంది. మమ్మల్ని చూసి లేచి పీట వేసింది. మామ్మ కూర్చోలేదు.

"దొరసానమ్మా, నిజం సెప్పు. నువ్విక్కడికి ఎందుకొచ్చినావు?"

"దేవుడు పిలిసినాడమ్మా."

"అది గుళ్లో సెప్పే మాట. ఇంటికాడ సెప్పుకునే మాట సెప్పు."

దొరసానమ్మ చేతిలో గుడ్డ పక్కన పెట్టింది. నవ్వబోయి మానేసింది. "మా ఊర్లో నర్సులు ఒకలినొకలు తోసుకుంటన్నారు సన్నేసమ్మా. వారానికోసారి ఎవులికో జలుబు సేస్తే మాకు పని. ఇక్కడ బిడ్డ అడ్డం తిరిగితే తల్లిని బండిలో ఏసుకొని పట్నం తీసికెల్లే లోపల పోతన్నాదని ఎవులో సెప్పినారు. అది విన్నాక నిద్దర పట్టనేదు. కోపం కూడా వచ్చినాది, నాకెందుకు సెప్పినారు, ఇనకపోతే హాయిగా ఉందును కదా అని."

"మీ యమ్మ ఏటన్నాది?"

అప్పుడు దొరసానమ్మ మా వైపు చూడ్డం మానేసింది. "ఏటీ అన్నేదు. గోడవైపు తిరిగి పడుకున్నాది. ఓడ కాడికి రానేదు. నాను ఇక్కడున్నప్పుడే పోనాది. నాకు కబురు అందేసరికి అంతా అయిపోనాది."

"మరి ఇప్పుడు నా పిల్లని పంపమంటావు" అంది మామ్మ.

"అన్ను. వద్దని కూడా అన్ను. నాకు పిల్లల్నేరు, నాకేటి తెలుస్తాది" అంది దొరసానమ్మ. మళ్లీ గుడ్డ చేతిలోకి తీసుకుంది గానీ చింపలేదు.

తిరిగొచ్చే దారిలో మామ్మ గట్టు మీద ముందు నడుస్తూ, ఉన్నట్టుండి ఆగి, "అది బతిమాలనేదేటే?" అంది. బతిమాలితే కాదని కేకలెయ్యడానికి మాటలు కట్టుకుని వెళ్లింది. ఆ మాటలన్నీ నోట్లోనే మిగిలిపోయాయి. ఇంటికొచ్చాక అన్నం ముట్టలేదు. రెండుసార్లో మూడుసార్లో గోడవైపు తిరిగి పడుకుని, వెంటనే ఇవతలికి తిరిగింది. ఏం చేసి చూస్తోందో నాకప్పుడు అర్థం కాలేదు.

ఆదివారం గుడి నిండిపోయింది. చుట్టుపక్కల సంఘాల వాళ్లూ వచ్చారు. దేవుడి కోసం వచ్చినవాళ్లు ఎందరో నాకు తెలియదు గానీ, సన్నేసమ్మ గొడవ చేస్తుందని చూడ్డానికి వచ్చినవాళ్లు చాలామందే. మామ్మ ఎప్పుడూ కూర్చునే మొదటి వరసలో లేదు. కీర్తన అయిపోయింది, వాక్యం అయిపోయింది. చిన్నత్త తెల్లచీరలో ముందు నిలబడి ఉంది. అయ్యగారు తల్లిదండ్రుల తరఫున ఎవరైనా అని అంటూ మా నాన్న వైపు చూశారు. నాన్న లేవబోయేలోపు వెనక గుమ్మంలోంచి, "కన్నది నాను. ఆడినెందుకు పిలుస్తన్నారు?" అని వినబడింది.

మామ్మ నడిచి ముందుకొచ్చింది. పెళ్లిలో అప్పగింతలప్పుడు పట్టుకున్నట్టు చిన్నత్త చెయ్యి పట్టుకుంది. పట్టుకుని, అయ్యగారి వైపు తిరిగింది.

"ఎవులి సేతిలో ఎట్టాల?"

"దేవుని చేతిలో పెట్టమ్మా" అన్నారాయన.

"ఆయన సెయ్యి అగుపడదు కదయ్యగారూ. పెళ్లికైతే అత్తోరుంటారు, ఏదైనా ఐతే ఎల్లి అడుగుతాను. ఇక్కడ ఎవుల్ని అడగాల?"

సంఘ పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మామ్మ ఆడవాళ్ల వైపు తిరిగింది. "రండే. గుప్పెట్లు పోసింది మీరే కదా. వచ్చి మీ సేతులెట్టండి. రేపు దానికి ఏటైనా ఐతే మీ ఇళ్లకే వస్తాను." తలమీద చేతులుంచడం అప్పటిదాకా పెద్దలైన మగవాళ్ల పని. అయినా ముందు ఒక ముసలావిడ లేచింది, ఆవిడ వెనక మా అమ్మ, ఆ తర్వాత అంతా. మూట కొంగు కింద దాచుకున్నావిడ కూడా వచ్చింది. చిన్నత్త ఆ చేతుల మధ్య కనబడకుండా పోయింది. పైన మామ్మ చెయ్యి. ఆవిడ కళ్లు మూసుకోలేదు. కప్పు వైపు చూస్తూ, సంతలో బేరమాడే గొంతుతో ప్రార్థన చేసింది.

"పెబువా, రోజూ అడిగినాను. నువ్వు వింటన్నావని నాకు తెల్దు. తెలిస్తే కొంచెం సూసుకొని అడుగుదును. విన్నావు గాబట్టి ఇస్తన్నాను. సముద్రం మీద నాకు నమ్మకం నేదు, నీకు తెలుసు. రంగం ఎల్లినోణ్ని పోగొట్టినట్టు దీన్ని కూడా పోగొట్టినావంటే నానూరుకోను. ఆమెన్."

గుడంతా ఆమెన్ అంది. అలాంటి ప్రార్థనకి ఆమెన్ అనొచ్చా లేదా అని అయ్యగారు కొంచెం ఆలస్యంగా అన్నారు.

తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. చిన్నత్త అక్కడే పనిచేసింది, అక్కడే ముసలిదైంది. ఉత్తరాలు వచ్చేవి. నేను చదివి వినిపిస్తే, "నువ్వు కలిపి సదువుతన్నావేటి?" అని అడిగేది మామ్మ. సెలవు మీద చిన్నత్త వచ్చేనాటికి మామ్మ లేదు. ఆ దవాఖానా పక్కనే చిన్నత్తని పాతిపెట్టారని తెలిసినప్పుడు, నేను కూడా ఒక రోజంతా గోడవైపు తిరిగి పడుకున్నాను. మామ్మ దేవుడితో ఆడిన బేరంలో గెలిచిందో ఓడిందో నాకు తేలలేదు. చిన్నత్త పోయిందని అనలేను, ఎక్కడో ఉందని కూడా అనలేను. ఇప్పుడు మా గుడిలో పైదేశాలు వెళ్లే పిల్లల కోసం ప్రతి ఆదివారమూ ప్రార్థన ఉంటుంది. కాగితాలు త్వరగా రావాలని, మంచి ఇల్లు దొరకాలని, చలికి తట్టుకోవాలని. తప్పేం లేదు, నేనూ ఆమెన్ అంటాను. అయితే అక్కడ ఎవరికి నీ అవసరం ఉందని వెళ్తున్నావమ్మా అని ఏ పిల్లనీ ఎవరూ అడగరు. మామ్మలా నిలదీసే ముసలమ్మలూ లేరు. వెళ్లేవాళ్లు తేలిగ్గా వెళ్తున్నారు, పంపేవాళ్లు తేలిగ్గా పంపుతున్నారు. ఆ తేలిక మీద నాకు అనుమానం.

చిన్నత్త బయల్దేరిన రోజున విజయనగరం స్టేషనుకి మమ్మల్ని దొరసానమ్మ తన జీపులోనే తీసుకొచ్చింది. చిన్నత్త బొంబాయి వెళ్లి అక్కడ ఓడెక్కాలి. ప్లాట్‌ఫారం మీద ఆడవాళ్లు కీర్తన ఎత్తుకున్నారు, టీలమ్మేవాడు కూడా కాసేపు అరవడం మానేశాడు. మామ్మ కిటికీ చువ్వల్లోంచి చెయ్యి పెట్టి చిన్నత్త మొహం ఒకసారి తడిమింది. రైలు కదిలితే దానితోపాటు కొంచెం దూరం నడిచింది, ప్లాట్‌ఫారం అయిపోయే చోట ఆగింది. ఏడవలేదు. వెనక్కి తిరిగేసరికి దొరసానమ్మ ఒక స్తంభానికి చేరబడి, చేతిరుమాలు నోటికడ్డం పెట్టుకుని, భుజాలు ఎగిరిపడేలా ఏడుస్తోంది. అన్నేళ్లలో ఆవిడ కంట నీళ్లు మేమెవరం చూడలేదు. తన చేతుల్లో పసిబిడ్డలు పోయినప్పుడు కూడా ఏడవని మనిషి. మామ్మ అనుమానంగా దగ్గరికెళ్లింది.

"ఎల్లింది నా పిల్ల. నువ్వెందుకేడుస్తన్నావు?"

దొరసానమ్మ రుమాలు నోటి మీంచి తీసి, "ఓడ కాడికి మా యమ్మ వచ్చుంటే నీలగే నిలబడును" అంది.

మామ్మ తన కొంగు చివర్ని చేతికి చుట్టుకుని, ఆ తెల్లటి మొహాన్ని నాకు చిన్నప్పుడు తుడిచినట్టే గట్టిగా, ముక్కుతో సహా తుడిచేసింది.

"ఊరుకోవే. నాను వచ్చినాను కదేటి? ఒసే, పద. పొద్దున్నించి ఏటీ తినుండవు. ఇంటికి పోయి ఇంత గంజి తాగుదాం."

దొరసానిని ఒసే అన్నవాళ్లు అంతకుముందు లేరు. అయ్యగారు కంగారుపడి ఏదో సర్దబోయారు. దొరసానమ్మ ఆయన్ని చూడనే లేదు. మామ్మ చెయ్యి పట్టుకుని, "వస్తన్నానమ్మా" అంది. ఆవిడ మా పేటలో ఆడవాళ్లందర్నీ అమ్మా అనే పిలిచేది, అది మర్యాద కోసం అన్నది. స్టేషనులో అన్న ఆ ఒక్క అమ్మ మీద మాత్రం మామ్మకి అనుమానం రాలేదు, నాకూ రాలేదు.